గోప్యం గారి కాఫీ కప్పు

లిఫ్టు ఎక్కే ముందు అత్తయ్య ప్రతి సాయంత్రం ఒకటే ప్రశ్న అడిగేది.

"సంతకం ఉందా?"

"ఉంది అత్తయ్యా, ఎక్కండి" అనేది కోడలు.

అప్పుడుగానీ ఆవిడ వాకర్ ముందుకు జరిపేది కాదు.

తుంటి ఎముక విరిగి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అత్తయ్య ఎనిమిదో అంతస్తులో బందీ అయిపోయింది. మెట్లు దిగలేదు, లిఫ్టు ఎక్కదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద ఉండగా అక్కడి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, తలుపు తెరుచుకుని, ఎదురుగా ఇటుక గోడ కనిపించిందట. ఆ గోడ ఆవిడ కళ్ళలోంచి పోలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద పార్కులో బెంచీ మీద కబుర్లాడుకునే స్నేహితురాళ్ళను పైనుంచి చూస్తూ, వాళ్ళు తన గురించే చెప్పుకుంటున్నారని అనుమానపడుతూ వేసవంతా గడిపింది. కొడుకు బతిమాలాడు, డాక్టరు భయపెట్టాడు. ఆవిడ ససేమిరా అంది. చివరికి కోడలు ఒకరోజు చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా నడిపించి, "దీన్ని నడిపించే ప్రోగ్రాము మా ఆఫీసుదే అత్తయ్యా. నా సంతకం లేనిదే చిన్న ముక్క కూడా ఇందులోకి రాదు. వచ్చినా ఇది ఒప్పుకోదు" అంది.

అత్తయ్య లిఫ్టును ఎగాదిగా చూసింది. "దీన్ని నమ్మను. నిన్ను నమ్ముతాను" అని లోపల అడుగుపెట్టింది. ఒక అత్త కోడలితో ఆ మాట అనడమంటే మాటలు కాదు. ఆ రోజు నుంచి కోడలికి ఆఫీసులో చేసే పనీ, ఇంట్లో ఇచ్చిన మాటా ఒకటే అయిపోయాయి.

ఆఫీసులో ఆమెను అందరూ కెర్నలమ్మ అంటారు. కంప్యూటరులో అన్నిటికంటే అడుగున కూర్చుని, పైన ఆడే ప్రోగ్రాములకు ఏది అందాలో ఏది అందకూడదో తేల్చే పెత్తందారును కెర్నల్ అంటారు. లిఫ్టుల్లో ఉండే చిన్న కంప్యూటర్లకు ఆ కెర్నల్ తయారుచేసేది ఆమె. తలుపు తెరవడానికొక ముక్క, బ్రేకు వెయ్యడానికొక ముక్క, అంతస్తులు లెక్కపెట్టడానికొక ముక్క బయటినుంచి వచ్చి అందులో చేరతాయి. వాటిని మాడ్యూళ్ళంటారు. వచ్చిన ప్రతి మాడ్యూలునూ కెర్నల్ గుమ్మంలోనే నిలబెట్టి "సంతకం ఉందా?" అని అడుగుతుంది. అచ్చం అత్తయ్యలాగే.

ఆ సంతకానికి రెండు తాళంచెవులు, జంటగా పుట్టినవి. ఒకటి ప్రైవేట్ కీ. అది సంతకం పెడుతుంది. రెండోది పబ్లిక్ కీ. పెట్టిన సంతకం అసలుదో నకిలీదో అది చూసి చెబుతుంది. మొదటిదాన్ని కంటికి రెప్పలా కాచుకోవాలి. రెండోదాన్ని ఎంతమందికి పంచితే అంత మంచిది, ఎందుకంటే దాంతో సంతకం చూడటమే తప్ప పెట్టడం ఎవరివల్లా కాదు. కెర్నలమ్మ ఆ ప్రైవేట్ కీని ఆఫీసులో ఒక కంప్యూటరు కెర్నల్లోకి దించేసింది. దిగిందంటే ఇక బయటికి రాదు. కాపీ ఇమ్మంటే ఇవ్వదు, చూపించమంటే చూపించదు. "దీని మీద సంతకం పెట్టు" అని కెర్నలమ్మ అడిగితే మాత్రం లోపలే పెట్టి, సంతకాన్ని బయటికి పంపుతుంది. పబ్లిక్ కీని ప్రతి లిఫ్టు కెర్నల్లోనూ పెట్టి ఊళ్ళోకి పంపుతారు. ఇంతే సంగతి. డైరెక్టర్లకు తప్ప ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ కంపెనీ పెట్టిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఒకటి పద్ధతి. కొత్తగా ఏం తయారుచేసినా ముందు సొంత ఆఫీసు లిఫ్టులో చేత్తో ఎక్కించాలి. దానికి ఆర్డరు వేసినవారే మొదటి ప్రయాణం చెయ్యాలి. వాళ్ళు క్షేమంగా దిగాకే దాని మీద సంతకం పడాలి, అప్పుడే అది ఊళ్ళోకి వెళ్ళాలి. ఆయన వదిలి వెళ్ళిన ఇంకో సంగతి కప్పులు. మొదటి లిఫ్టు నడిచిన రోజున సంబరం పట్టలేక పబ్లిక్ కీని కాఫీ కప్పుల మీద అచ్చు వేయించి అందరికీ ఇచ్చారు. "దాచాల్సింది దాచాం, పంచాల్సింది పంచుదాం" అన్నారట. ఆ కప్పులు ఒక్కొక్కటీ చెవులు విరిగి, సింకులో పగిలి కాలం చేశాయి. పెద్దాయన సొంత కప్పు ఒక్కటే మిగిలింది. ఆయన గది, ఆయన కుర్చీలతోపాటు అది కొత్త డైరెక్టరుకు సంక్రమించింది.

ఈ కొత్త డైరెక్టరు గారు అంతకుముందు బ్యాంకులకు డబ్బు మోసే వ్యాన్ల కంపెనీలో భద్రతాధికారి. "భద్రత ఎక్కడైనా భద్రతే కదా" అని చైర్మన్ ఆయన్ని తెచ్చి సాఫ్ట్‌వేరు భద్రత అప్పగించాడు. ఆయన వచ్చీ రాగానే క్యాంటీన్ వేళల మీద, టాయిలెట్‌కు దారి చూపే బోర్డు మీద, చివరికి తన పుట్టినరోజు ఆహ్వానం మీద కూడా 'గోప్యం' అని ముద్ర వేయించారు. పుట్టినరోజుకు ఒక్కరూ వెళ్ళలేదు. అడిగితే, గోప్యం కదా సార్ అన్నారు. అప్పటినుంచి ఆయన అసలు పేరు జనం మరిచిపోయి గోప్యం గారు అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు గోప్యం గారు కెర్నలమ్మను పిలిపించారు.

"ప్రైవేట్ కీ మీ దగ్గర ఉందట. ఏదీ, చూపించండి."

"నా దగ్గర లేదు సార్. కెర్నల్లో ఉంది. చూడటం కుదరదు."

"ఎవరికి కుదరదు?"

"ఎవరికీ. నాక్కూడా."

"నేను డైరెక్టర్ని."

"ఆ సంగతి కెర్నల్‌కు తెలీదు సార్."

గోప్యం గారు కప్పెత్తి ఒక గుక్క తాగారు. కప్పు మీది అక్షరాల వరస కెర్నలమ్మ ముఖానికి ఎదురుగా వచ్చింది.

"మరి కనిపించేది ఏది?"

"పబ్లిక్ కీ సార్. దాన్ని ఎవరైనా చూడొచ్చు."

"ఎవరైనానా!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "తాళంచెవమ్మా అది! ఎవరైనా చూడటమేమిటి? ఇన్నాళ్ళూ ఇక్కడ అడిగే నాథుడే లేడన్నమాట."

"అది దాచేది కాదు సార్. దాస్తే లిఫ్టులకి..."

"చూడండి. కనిపించనిదాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు. ఎత్తుకుపోతే కనిపించేదాన్నే ఎత్తుకుపోతాడు. నేను జీవితమంతా డబ్బుకు కాపలా కాశాను. కాబట్టి దాచాల్సింది కనిపించేదాన్ని."

ఆ మాటలో తప్పెక్కడుందో విడమరిచి చెప్పాలంటే కెర్నలమ్మకు కొంచెం వ్యవధి కావాలి. గోప్యం గారు అప్పటికే బెల్లు నొక్కి ముద్ర తెమ్మంటున్నారు.

గోప్యతా కమిటీ పుట్టింది. పబ్లిక్ కీని దళసరి కాయితం మీద అచ్చు వేసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి లాకర్లో పెట్టారు. లాకరుకు రెండు తాళాలు. ఒకటి గోప్యం గారి దగ్గర, ఇంకోటి చైర్మన్ బావమరిది దగ్గర. బావమరిది విహారయాత్రకు వెళ్ళాడు, వచ్చే నెల గానీ రాడు. ఆ తర్వాత ఇంకో ఆర్డరు వచ్చింది. పబ్లిక్ కీ ఎక్కడున్నా చెరిపెయ్యాలి. కోడులో, బ్యాకప్పుల్లో, వెబ్‌సైటులో, ఆఫీసులో ఉన్న పాత కెర్నళ్ళలో ఎక్కడా ఉండకూడదు, కొత్త కెర్నల్లో అసలే ఉండకూడదు. ఎవరి దగ్గరైనా కాపీ దొరికిందా, ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది.

చెరిపే పని బాబాయ్ మీద పడింది. బాబాయ్ ఆఫీసంతటికీ బాబాయే. తయారైన ప్రోగ్రాములు ఊళ్ళోకి వెళ్ళేది ఆయన చేతిమీదుగానే. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఆర్డర్లు పాటించడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"చెరిపేశానమ్మాయ్. నూటికి నూరుపాళ్ళు" అన్నాడు కెర్నలమ్మతో, గర్వపడాలో బాధపడాలో తేల్చుకోలేక. "సర్వీసు మొత్తంలో నేను ఏ లోపం లేకుండా పూర్తిచేసిన పని ఇదొక్కటే."

కమిటీ వారం వారం కూర్చునేది. కీ ఎంత గోప్యమైనదో గోప్యం గారు వివరించేవారు. వివరిస్తూ ఆ కీ ఉన్న కప్పుతోనే కాఫీ తాగేవారు. మాట నొక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ కప్పునే గాల్లోకి ఎత్తేవారు. కెర్నలమ్మ మొదట్లో లేచి చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కప్పు సంగతి ఒక్కటి మాత్రం నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది. చెబితే అదీ లాకర్లోకి పోతుంది. ఆయన కప్పును బల్ల అంచున పెట్టినప్పుడల్లా ఆమె లేచి వెళ్ళి లోపలికి జరిపేది.

"నా కప్పు మీద మీకింత శ్రద్ధేమిటమ్మా?" అని అడిగారొకసారి.

"పెద్దాయన జ్ఞాపకం కదా సార్" అంది కెర్నలమ్మ.

పబ్లిక్ కీ లేని కొత్త కెర్నల్ తయారైంది. పద్ధతి ప్రకారం బాబాయ్ దాన్ని ఆఫీసు లిఫ్టులో ఎక్కించాడు. ఆర్డరు వేసినవారు కాబట్టి గోప్యం గారు మొదటి ప్రయాణానికి సిద్ధమయ్యారు. టై సర్దుకుని, కప్పు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళి, జనం వైపు తిరిగి, ఆరో అంతస్తు బటన్ నొక్కారు.

తలుపు మాడ్యూలు తన సంతకంతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. కెర్నల్ సంతకం చూద్దామంటే చూసే కీ లేదు. నువ్వెవరో నాకు తెలీదు పొమ్మంది. తలుపు మాడ్యూలు లేకపోతే తలుపు మూసుకోదు, తలుపు మూసుకోకపోతే లిఫ్టు కదలదు. గోప్యం గారు బార్లా తెరిచిన తలుపుల మధ్య, ఆఫీసంతా చూస్తుండగా, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇంకోసారి నొక్కారు. తర్వాత వేలు తియ్యకుండా నొక్కి పట్టుకున్నారు.

"కదలదేం?"

"తన సొంత మాడ్యూలునే గుర్తుపట్టడం లేదు సార్. గుర్తుపట్టే కీ లాకర్లో ఉంది."

గోప్యం గారు కొంతసేపు ఆలోచించి, ఆరో అంతస్తులో దిగినంత హుందాగా బయటికొచ్చారు. "చూశారా ఎంత భద్రంగా ఉందో. కదలని లిఫ్టుకు ప్రమాదమేముంది?" అన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

చైర్మన్ మాత్రం కొట్టలేదు. ఆయన గది ఆరో అంతస్తులో ఉంది. మెట్లెక్కి, రొప్పుతూ కుర్చీలో పడి, ఊపిరి కూడగట్టుకోగానే గోప్యం గారికి ఫోన్ చేశాడు. ఏమన్నాడో ఎవరూ వినలేదు గానీ, గోప్యం గారు ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. వెంటనే కెర్నలమ్మకు పిలుపు వచ్చింది.

"సంతకం అడగబట్టే కదా ఈ తలనొప్పంతా? అడగడం మానెయ్యమనండి మీ కెర్నల్‌ని."

"మానేస్తే ఎవరు పంపిన మాడ్యూలైనా లోపలికి పోతుంది సార్. ఎవరు పంపినా."

"లిఫ్టు నడుస్తుందా?"

"నడుస్తుంది."

"మరి!"

"సార్, ఊళ్ళో నడుస్తున్న లిఫ్టుల్లో ఇంకా పాత కెర్నలే ఉంది. ఒకదాంట్లోంచి పబ్లిక్ కీ చదువుకుని వస్తాను. గంటలో అయిపోతుంది."

"రహస్యాన్ని దొంగిలించుకొస్తారా? నా ముఖం మీదే అంటున్నారా ఆ మాట?" గోప్యం గారి ముఖం ఎర్రబడింది. "రేపు మధ్యాహ్నం మొదటి ప్రయాణం. అది కాగానే మీ సంతకం. సాయంత్రానికల్లా ఊళ్ళో ప్రతి లిఫ్టుకూ వెళ్ళిపోవాలి. మీకిష్టం లేకపోతే, సంతకం పెట్టించే అధికారం ఇంకొకరికి మార్పిస్తాను."

"మార్చాల్సింది కూడా నేనే సార్."

"అయితే మార్చేసి, వెళ్ళిపోండి."

ఆ సాయంత్రం పార్కు నుంచి తిరిగొచ్చాక అత్తయ్య కోడలి ముఖం చూసి టీవీ ఆపేసింది. కొడుకు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు, ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. కోడలు జరిగింది దాచకుండా చెప్పింది.

"అంటే ఎవరొచ్చి ఏం చెప్పినా వింటుందన్నమాట" అంది అత్తయ్య. "మీ మామయ్యలాగా. పాపం చెడ్డవాడు కాదు. వచ్చిన ప్రతివాడికీ తలుపు తీసేవాడు, అంతే. ఇంట్లో కూర్చోడానికి కుర్చీ మిగల్లేదు."

కోడలికి నవ్వు రాలేదు. అత్తయ్య మళ్ళీ అడిగింది.

"సంతకం పెట్టకపోతే?"

"ఉద్యోగం పోతుంది."

"పెడితే?"

"కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. పనిలేనివాడెవడో ఒక తలుపు మాడ్యూలు రాసి పంపేదాకా. ఆ తర్వాత అంతస్తుల మధ్య తలుపు తెరుచుకోవచ్చు."

అత్తయ్య కళ్ళ ముందు ఏ గోడ ఉందో కోడలికి తెలుసు.

"నువ్వు పెడితే ఎక్కుతాను" అంది అత్తయ్య.

"అదేమిటత్తయ్యా! ఇప్పుడేగా చెప్పాను."

"చెప్పావు. సగం అర్థమైంది, సగం కాలేదు. ఇవన్నీ తెలుసుకునే ఓపిక నాకిప్పుడు లేదు. నాకు తెలిసింది నీ సంతకం. రేపు సాయంత్రం అడుగుతాను. ఉందంటే ఎక్కుతాను, లేదంటే బాల్కనీలో కూర్చుంటాను."

తిట్టినా బాగుండేది అనిపించింది కోడలికి. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళబోతుంటే అత్తయ్య వెనకనుంచి కేకేసింది.

"ఇంతకీ ఆ పెద్దమనిషి కూడా ఎక్కుతాడా అందులో?"

"ఎక్కాలి. ఆర్డరు వేసినవాళ్ళే ముందెక్కాలని పెద్దాయన పెట్టిన పద్ధతి."

"మంచి పద్ధతే. ఎవరి మాటైనా వినే లిఫ్టు ధైర్యంగా ఎక్కుతున్నాడంటే, అతనికి ఆఫీసులో ఎవరితోనూ గొడవల్లేవన్నమాట. అదృష్టవంతుడు."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోన్ తీసి బాబాయ్‌కి చేసింది. "బాబాయ్, ఒక మాడ్యూలు రాయడం నేర్పుతాను, నేర్చుకుంటావా?"

మర్నాడు ఉదయం ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన కనిపించింది. మధ్యాహ్నం మొదటి ప్రయాణం, అందరూ ఆహ్వానితులే, ఈ లిఫ్టు ఇకనుంచి ఎవరు పంపిన మాడ్యూలునైనా స్వీకరిస్తుంది కాబట్టి వచ్చేవారు తమ ల్యాప్‌టాపులు వెంట తెచ్చుకోవచ్చు. దాని మీద గోప్యం అనే ముద్ర లేదు. అందుకని అందరూ చదివారు.

సంతకం అడగని కెర్నల్‌ను బాబాయ్ ఉదయమే లిఫ్టులో ఎక్కించాడు. మధ్యాహ్నం లాబీ కిక్కిరిసిపోయింది. గోప్యం గారు కప్పు పట్టుకుని వచ్చి, జనాన్ని చూసి సంతోషించారు. తర్వాత ఒక్కొక్కరినీ చూశారు. చెల్లెలి పెళ్ళికి సెలవడిగితే కారణం గోప్యంగా ఉంచలేదని జీతం కోత పడ్డ అకౌంట్స్ అమ్మాయి ముందు వరసలో ఉంది. గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుంటే అటూ ఇటూ చూస్తున్నాడని కుర్చీ పీకించుకుని, ఇప్పటికీ స్టూలు మీద కూర్చునే డిజైనరు ఆమె పక్కన ఉన్నాడు. రోజూ తన సంచీని తనే తనిఖీ చేసుకోవాల్సి వచ్చే సెక్యూరిటీ గార్డు ద్వారం దగ్గర నిలబడ్డాడు. వెనక ఇంకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ ల్యాప్‌టాపులు తెరిచి ఉన్నాయి. ఎవరూ ఏమీ చెయ్యడం లేదు, ఊరికే ఆయన్ని ఆదరంగా చూస్తున్నారు.

"ఎక్కే ముందు చిన్న పరీక్ష సార్" అంది కెర్నలమ్మ. "బాబాయ్ జన్మలో మాడ్యూలు రాయలేదు. నిన్న రాశాడు. దాని మీద ఎవరి సంతకమూ లేదు. బాబాయ్, పంపు."

బాబాయ్ ఒక మీట నొక్కాడు. ఖాళీ లిఫ్టు తలుపులు మూసుకుని, తెరుచుకుని, మళ్ళీ మూసుకున్నాయి. పైన అంకెల పలక మీద నలభై అని వెలిగింది. ఆ భవనానికి ఉన్నవి ఆరంతస్తులు.

"నలభయ్యేమిటి?" అన్నారు గోప్యం గారు.

"తను నలభయ్యో అంతస్తులో ఉన్నానని అనుకుంటోంది సార్. బాబాయ్ చెప్పాడు, అది నమ్మింది. ఇవాళ ఎవరేం చెప్పినా నమ్ముతుంది." తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. "ఇక మీరు ఎక్కొచ్చు."

గోప్యం గారు ఒక కాలు లోపల పెట్టి ఆగారు. వెనక్కి తిరిగి జనాన్ని చూశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అందరూ ల్యాప్‌టాపులు మూసెయ్యండి" అన్నారు.

టపటపా మూసేశారు. అకౌంట్స్ అమ్మాయి వినయంగా చెయ్యెత్తింది. "సార్, ఫోన్లోంచి కూడా పంపొచ్చటగా?"

గోప్యం గారు లోపల పెట్టిన కాలు బయటికి తీశారు. కెర్నలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "వీళ్ళ మాట వినకుండా దీన్ని ఆపే మార్గమే లేదా?"

"ఉంది సార్. సంతకం చూసి రానివ్వాలి."

"చూడమనండి!"

"చూడాలంటే పబ్లిక్ కీ కావాలి. అది లాకర్లో ఉంది. రెండో తాళం బావమరిది గారి దగ్గర."

"ఇంకో కాపీ?"

"ఆఫీసులో అన్నీ చెరిపించేశారు సార్. ఊళ్ళో లిఫ్టుల్లోంచి తేవడం దొంగతనమన్నారు."

"అన్నీ అంటే అన్నీనా? ఇంతమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా నా ఆర్డరు ధిక్కరించలేదా?" బాబాయ్ తల దించుకుని, "నూటికి నూరుపాళ్ళు సార్" అన్నాడు.

"ఆఫీసులో ఒక్కటి మిగిలింది సార్" అంది కెర్నలమ్మ.

"ఎవరి దగ్గర?"

"మీ చేతిలో."

ఆయన ముందు కాఫీలోకి చూశారు. తర్వాత కప్పు తిప్పి చూశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది పని. వారం వారం ఏ అక్షరాలను దాచడానికి కమిటీ వేశారో, ఆ అక్షరాలు నీలం రంగులో, చెవి నుంచి చెవి దాకా, ఆయన వేళ్ళ మధ్యనుంచే అందర్నీ చూస్తున్నాయి. ఆయన గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టారు. కాఫీ చొక్కా చేతిమీద ఒలికింది. కాపీ దొరికినవారి ఉద్యోగం ఆ రోజే ఊడుతుందన్న ఆర్డరు ఆయన వెనక గోడమీదే అతికించి ఉంది. లాబీలో అందరూ దాన్ని చదువుతున్నారు.

"ఇది..." అన్నారు గోప్యం గారు. గొంతు సవరించుకున్నారు. "ఇది నేను ప్రత్యేకంగా భద్రపరిచాను. ఇలాంటి సమయం వస్తుందని నాకు తెలుసు."

"మీ ముందుచూపు మాకెక్కడిది సార్" అన్నాడు బాబాయ్. "చదవండి మరి."

కెర్నలమ్మ మెట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. గోప్యం గారు కప్పు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, లాబీ నడిమధ్యన నిలబడి, తన గోప్యాన్ని తనే పైకి చదివారు. "చిన్న బీ. పెద్ద క్యూ. ఏడు. పెద్ద ఎమ్..." వెనకవాళ్ళకు వినిపించడం లేదంటే సెక్యూరిటీ గార్డు అందుకుని గట్టిగా చెప్పాడు. చెవి దగ్గర ఒక అక్షరం పీచుతో తోమీ తోమీ సగం చెరిగిపోయింది. సున్నానో, పెద్ద ఓనో తెలీలేదు.

కెర్నలమ్మ ముందు సున్నా కొట్టింది. లోపలున్న ప్రైవేట్ కీని 'అత్తయ్య' అనే ఒక్క మాట మీద సంతకం పెట్టమని అడిగి, ఆ సంతకాన్ని కప్పు మీది కీతో సరిచూసింది. కాదంది. సున్నా తీసి ఓ పెట్టింది. సరేనంది.

ఆ కీని పెట్టి, సంతకం అడిగే కెర్నల్‌ను మళ్ళీ తయారుచేసి, బాబాయ్ చేత లిఫ్టులో ఎక్కించింది. తలుపు మాడ్యూలు వచ్చింది, సంతకం చూపించింది, లోపలికి వెళ్ళింది. బాబాయ్ మళ్ళీ తన నలభయ్యో అంతస్తును పంపాడు. కెర్నల్ గుమ్మంలోనే ఆపేసింది. "నన్ను రానివ్వలేదు!" అని బాబాయ్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. గోప్యం గారు టై సర్దుకుని ఎక్కారు, ఆరో అంతస్తు దాకా వెళ్ళి క్షేమంగా దిగివచ్చారు. దిగీ దిగగానే మూడో ఆర్డరు వేశారు. పబ్లిక్ కీ కెర్నల్లో తాత్కాలికంగా ఉండవచ్చు. కప్పును మాత్రం తక్షణం లాకర్లో పెట్టాలి. బావమరిది వచ్చేదాకా లాకరు తెరుచుకోదు కాబట్టి, కప్పు చుట్టూ కాయితం చుట్టి, ముద్ర వేసి, పక్కన గార్డును కూర్చోబెట్టారు. గోప్యం గారు కాగితపు గ్లాసుకు మారారు.

కెర్నలమ్మ ఇవేవీ వినడం లేదు. కొత్త కెర్నల్ మీద సంతకం పెట్టమని కీని అడిగింది. అది పెట్టింది. బాబాయ్ ఊళ్ళోకి పంపాడు.

సాయంత్రం అత్తయ్య వాకర్‌తో లిఫ్టు ముందుకొచ్చి నిలబడింది. "సంతకం ఉందా?"

"ఉంది అత్తయ్యా. ఇవాళ పెట్టిందే." జరిగిందంతా చెప్పింది. అత్తయ్య నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. కానీ వాకర్ ముందుకు జరపలేదు.

"నువ్వు ముందెక్కు" అంది.

"నేనా?"

"ఆర్డరు వేసినందుకు అతనెక్కాడు కదా. సంతకం పెట్టినందుకు నువ్వెక్కు. కిందికి వెళ్ళి పైకి రా. తర్వాత నేనెక్కుతాను."

న్యాయంగానే ఉంది. కోడలు నవ్వుతూ ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి. రోజూ ఎక్కే లిఫ్టే అది, కానీ ఎప్పుడూ ఫోన్ చూసుకుంటూనో, అత్తయ్య వాకర్ పట్టుకునో ఎక్కేది. ఒంటరిగా, చెవులు రిక్కించుకుని ఎక్కడం ఇదే మొదలు. కీ సరైనదని ఆమెకు తెలుసు. తన కళ్ళతో చూసింది. అయినా అయిదో అంతస్తు దాటాక లిఫ్టు కాస్త కుదిపేసరికి, చెరిగిపోయిన ఆ అక్షరం గుర్తొచ్చి ఆమె చెయ్యి దానంతటదే గోడను పట్టుకుంది. అత్తయ్య ఇన్నాళ్ళూ ఒక్క మాట మీద ఈ భయాన్ని మోస్తూ కిందికి దిగుతోందని అప్పుడు తెలిసింది. తను ఎంత తేలిగ్గా "ఉంది, ఎక్కండి" అనేదో తలుచుకుంటే సిగ్గేసింది.

కింద తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎవరూ లేరు. ఎనిమిది నొక్కింది.

పైన తలుపులు తెరుచుకునేసరికి అత్తయ్య ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. పక్కనే కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ముఖం పాలిపోయింది.

"ఇంతసేపా?" అని కసిరింది.

"వెంటనే వచ్చానత్తయ్యా."

"ఏం వెంటనే. ఇంకెప్పుడూ నిన్ను ఒక్కదాన్నే ఎక్కనివ్వను." ఏ ప్రశ్నా అడగకుండా వాకర్ ముందుకు జరిపి లోపలికొచ్చింది. "ఎక్కితే ఇద్దరం ఎక్కుదాం. జరుగు."

కోడలు పక్కకు జరిగి చోటిచ్చింది. అత్తయ్య కింది అంతస్తు బటన్ తనే నొక్కింది.